మూడు నిదానం, ఒకటి గబుక్కున

రోజు 201, సోమవారం. దించాల్సిన పైల్స్: 14

ఈ పుస్తకం చేత్తోనే రాయాలని చట్టం. పెన్నుతో, కొట్టివేతలతో సహా. యంత్రంలో రాసింది ఎవరికి కావలసినట్టు వాళ్ళు దిద్దుకుంటారని అనుభవం మీద తెలిసొచ్చాక, కడలిగట్టు చట్టంలో ఆ ఒక్క వాక్యం పెట్టించడానికి మేం పదకొండు నెలలు రోడ్డు మీద కూర్చున్నాం. కాబట్టి ‘రిమార్కులు’ అనే గడిలో నేను ఎంత పొడుగ్గా రాసినా సైటు ఆఫీసువారు చదివి సంతకం పెట్టాల్సిందే. చదవండి.

నా పేరు పొట్నూరు దమయంతి. వయసు యాభై మూడు. ఒకప్పుడు కరపత్రాలు రాసేదాన్ని. ఇప్పుడు, సముద్రాన్ని ఆపే గట్టు కోసం పైల్స్ అనే ఇనుప స్తంభాలు నీళ్ళ అడుగున దిగ్గొట్టే ఈ తేలే పంటు మీద, సముద్రపు పాలిచ్చే జంతువుల కాపలాదారుని. సుత్తి చుట్టూ అయిదు వందల మీటర్ల వలయంలో డాల్ఫిన్ కనిపిస్తే ఎర్రజెండా ఎత్తాలి. జెండా లేస్తే సుత్తి ఆగాలి. ఆఖరిసారి కనిపించాక అరగంట ఊరుకోవాలి. తర్వాత ఇరవై నిమిషాలు చిన్నదెబ్బలు కొట్టాలి, దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా తప్పుకోవడానికి. అప్పుడు పెద్దదెబ్బ.

పెద్దదెబ్బ నీళ్ళలో ఎంత చప్పుడంటే, పక్కనే ఉన్న డాల్ఫిన్‌కి చెవులు పోతాయి. చెవి పోతే దానికి కళ్ళు పోయినట్టే. ఈ మడ్డినీళ్ళలో అది చెవితోనే దారి చూస్తుంది, చెవితోనే తిండి వెతుక్కుంటుంది, పిల్ల తప్పిపోతే చెవితోనే పట్టుకుంటుంది.

క్యాబిన్‌లో కూర్చుని సుత్తి మీట లాగేది సూరాడ నీలయ్య. నాకంటే అయిదేళ్ళు పెద్ద. సముద్రం ఊళ్ళోకి రాకముందు వేటకెళ్ళేవాడు. చిన్నదెబ్బలకి మా పంటు మీద ‘తలుపు తట్టడం’ అని పేరు. ఆ పేరు ఆయన పెట్టిందే. ఆయన తట్టడంలో ఒక తీరుంది. మూడు నిదానంగా, ఒకటి గబుక్కున. మూడు నిదానం, ఒకటి గబుక్కున. పుస్తకంలో సమానంగా కొట్టమని ఉందని సైటు ఇంజనీరు ప్రభంజన్ గారు ఎన్నిసార్లు చెప్పినా ఆయన జవాబు ఒక్కటే.

“మా అయ్య తెడ్డుతో నావ పక్కన అలగే కొట్టీవోడు బావూ, సేపల్ని వల్లోకి తోల్డానికి. నా సెయ్యి అలగే పడతాది. మీది సదువుకున్న సెయ్యి. మీది ఇంకోలాగ పడతాది.”

ఈ రోజు విశేషం: పంటు కింద ఒక యంత్రం దించారు. పేరు ‘చెవి’. ప్రభంజన్ గారు చిన్నవాడు, మర్యాదస్తుడు, అందువల్ల ఆయన్ని తిట్టడం కష్టం.

“మేడం, ప్రతి డాల్ఫిన్‌కీ సొంత ఈల ఉంటుంది. అదే దాని పేరు. చెవి ఆ పేర్లన్నీ గుర్తుపడుతుంది. పిల్లలకి మాత్రం మొదట్లో పేరుండదు. చుట్టూ ఏం వినిపిస్తుందో వింటూ వింటూ, ఏడాది లోపల ఎవరిది వాళ్ళే కట్టుకుంటారు.”

మంచి పద్ధతి. మనలో ఇంకొకరు పెట్టిన పేరు చచ్చేదాకా మొయ్యాలి.

“చెవి బాగా పనిచేస్తే?” అని అడిగాను.

ఆయన నా కుర్చీ వైపు చూశారు. గట్టు పని రెండో దశలో ఈ కుర్చీ ఉండదన్నమాట. రిమార్కు: కుర్చీ ఉంటుంది.

రోజు 204, గురువారం. పైల్స్: 12

ఆగిన సమయం: గంటా యాభై నిమిషాలు. కారణం: బులాకీ.

బులాకీ గూని డాల్ఫిన్. వీపు మీద మూపురం, ముక్కు కింద తెల్లటి మచ్చ, అచ్చం ముక్కుకి బులాకీ పెట్టుకున్నట్టు. నెల రోజులుగా దానికొక పిల్ల. ఇంకా ఒంటి మీద కడుపులో ముడుచుకున్నప్పటి మడతలు పోలేదు. తల్లి పక్కనుంచి జానెడు జరగదు.

పొద్దున ఆరూ నలభైకి నీలన్న తలుపు తట్టడం మొదలెట్టాడు. అదే సమయానికి వంటామె కారి పోలమ్మ బుట్ట తీసుకుని అంచుకి వచ్చింది. పోలమ్మకి అరవై రెండు. రెండు నెలల కిందట వంటకి చేరింది. చేరిన రోజే చెప్పింది, సముద్రంలో ఏ పని మొదలెట్టినా ముందు సముద్రంలో వాళ్ళకి వాటా వేసి మొదలెట్టాలని. వేటకాలంలో వాళ్ళ ఇంట్లో మగాళ్ళు మొదటి వల ఎత్తగానే గుప్పెడు చేపలు వదిలేవారట. ఇప్పుడు వల లేదు, సుత్తి ఉంది. అంచేత మొదటి దెబ్బ పడగానే బుట్టెడు కవళ్ళు, చిన్న చేపలు, నీళ్ళలో పడతాయి.

“తిను తల్లీ. పాలిచ్చీదానివి.”

నేను దిష్టి గుమ్మడికాయల మీద నాలుగు కరపత్రాలు రాసినదాన్ని. శంకుస్థాపనకి కొబ్బరికాయ కొట్టిన అధికారిని మైకులో నిలదీసినదాన్ని. కానీ ఈ ఆచారంతో నాకు పేచీ లేదు. ఇందులో దేవుడు లేడు, వాటా ఉంది. మొన్న పోలమ్మ చేతిలోంచి బుట్ట తీసుకుని నేనూ వేశాను. బులాకీ పక్కకి తిరిగి ఒక కంటితో నన్ను చూసింది. మనిషి నన్ను అలా చూసి చాలా కాలమైంది.

రోజు 206, శనివారం. పైల్స్: 11

పోలమ్మకి జ్వరం. వంట లేదు, అటుకులు తిన్నాం. కవళ్ళూ లేవు.

అయినా తలుపు తట్టిన అయిదు నిమిషాలకల్లా బులాకీ పిల్లతో వచ్చింది. తిన్నగా వంటగది వైపుకి వెళ్ళి, తల పైకెత్తి నిలబడింది. పోలమ్మ కోసం వెతుకుతోందని రాసుకున్నాను. ఆగిన సమయం రెండు గంటల పది నిమిషాలు.

సాయంత్రం పోలమ్మని చూడ్డానికి వెళ్ళి ఈ సంగతి చెబితే దుప్పట్లోంచి మొహం బయటికి పెట్టింది.

“నా కోడలు ఇటు తొంగి సూడనేదు పిల్లా. అదొచ్చిందా?”

రోజు 209, మంగళవారం. పైల్స్: 10

ఆదివారం పని లేదు. నాకు తోచక ఒడ్డున బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చున్నాను. బులాకీ మునిగిన లైట్‌హౌస్ దగ్గర, ఇక్కడికి రెండు కిలోమీటర్ల అవతల, పిల్లకి చేప తరమడం నేర్పుతోంది. రోజంతా ఇటు రాలేదు. హాయిగా ఉంది.

నిన్నా ఈ రోజూ మళ్ళీ వలయంలోనే. ఈ ఒక్క పూటే మూడుసార్లు జెండా ఎత్తాను. ఎత్తినప్పుడల్లా చెవి తెర మీద ఆకుపచ్చ: ‘జంతువులు లేవు’. నేను కళ్ళారా చూస్తున్నాను. దాని మూపురం మీద ఎండ మెరుస్తోంది. పిల్ల తోకతో నీళ్ళు చిమ్ముతోంది. చెవి మాత్రం లేవంటుంది.

“అది ఈల వేస్తేనే కదా మేడం చెవికి తెలిసేది,” అన్నారు ప్రభంజన్ గారు. “పిల్లతల్లి కదా, చప్పుడు దగ్గర నోరు మెదపదేమో. పిల్లకి ఇంకా ఈలే లేదు.”

నేను అప్పటికప్పుడు మూడు పేజీల మెమో రాసిచ్చాను. సారాంశం: నోరు మెదపనివాళ్ళని లేనివాళ్ళ కింద లెక్కగట్టే యంత్రం కొత్తది కాదు. ఇంతకుముందు దాని పేరు సర్వే. మా దిగువ వీధుల్లో ‘అభ్యంతరాలు రాలేదు’ అని రాసుకుని పోయిన సర్వే. దానికి బ్యాటరీ పెట్టి నీళ్ళలో ముంచినంత మాత్రాన సైన్సు అయిపోదు.

ప్రభంజన్ గారు మెమో చదివి సంతకం పెట్టారు. “రెండో పేజీ బాగుంది మేడం,” అన్నారు. వెటకారం కాదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

పని ఎలా జరుగుతోందో కూడా రాయాలి. మామూలుగా రోజుకి రెండు పైల్స్ దిగుతాయి. ఇప్పుడు ఒక్కటి దిగితే గొప్ప. బులాకీ వస్తుంది, నేను ఆపుతాను. వెళ్తుంది, అరగంట కూర్చుంటాం. మళ్ళీ తలుపు తడతాం. మళ్ళీ వస్తుంది.

పున్నమి పోటు 220వ రోజున. ఈసారి మామూలు కంటే మూరెడు ఎత్తు వస్తుందని వాతావరణ కేంద్రం అంటోంది. గట్టులో మిగిలింది ఈ ఒక్క ఖాళీ. ఆ ఖాళీకి ఎదురుగా ఉన్నవి దిగువ వీధులు, మూడు వందల గడపలు. మా ఇల్లు మూడో వీధి. నీలన్నది మొదటి వీధి.

రోజు 211, గురువారం. పైల్స్: 9

పున్నమి ఇంకా రాలేదు, గాలికే మొదటి వీధిలోకి నీళ్ళొచ్చాయి. పొద్దున పనికి వస్తుంటే చింతపల్లి సింహాలమ్మ గుమ్మంలో చీపురుతో నీళ్ళు బయటికి తోస్తోంది. నన్ను చూసి చీపురు ఆపింది.

“రా అమ్మా దమయంతమ్మా. నీ సేపకి స్నానం అయిందా?”

“చేప కాదు సింహాలూ. పాలిచ్చే తల్లి.”

“పాలిత్తే మాకేటి, టీలోకి పోత్తావేటి?”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వలేదు.

“నివ్వు మైకు పట్టుకుని మా కోసం అరిసినప్పుడు నీ ఎనకాల కూసున్నాం, పదకొండు నెల్లు. ఇప్పుడు నివ్వే జెండా ఎత్తి గట్టు ఆపుతన్నావు. పున్నానికి మంచాలు ఎక్కడెట్టాల? సెప్పు, రాసిచ్చీ.”

కంపెనీవాడికి జవాబు చెప్పడం నాకు వచ్చు. అధికారికి చెప్పడం వచ్చు. చీపురు పట్టుకుని చీలమండ లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషికి ‘రెండూ కావాలి’ అని మాత్రమే చెప్పగలిగాను. రెండూ కావాలన్నది నిజమే. నిజమైన మాట అంత చిన్నగా వినబడటం నాకు అలవాటు లేదు.

ఈ రోజు జెండా నాలుగుసార్లు. నాలుగోసారి నీలన్న సుత్తి ఆపి, క్యాబిన్ మెట్ల మీద కూర్చుని నా వైపు చూడకుండా చుట్ట వెలిగించాడు. తిట్టినా బాగుండేది.

రోజు 212, శుక్రవారం. పైల్స్: 8

ఇది రాయడం కష్టం. అయినా కొట్టివేతలతో సహా రాస్తానని ముందే అన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గరికి ప్రభంజన్ గారు ఒక కాగితం తెచ్చారు. యంత్రం తీసిన గీతలేమో అనుకుని చదవనన్నాను.

“చెవిది కాదు మేడం. మీదే. మీ పుస్తకం ప్రతి పేజీ నేను చదివాను. మీరు రాసిన టైములు ఒకచోట పెట్టాను, అంతే.”

పెట్టింది నా రాతే. నెల రోజులుగా నేను రాసిన ప్రతి ‘కనిపించింది’ పక్కన తలుపు తట్టిన సమయం. ఆరూ నలభైకి తట్టాం, ఆరూ నలభై నాలుగుకి కనిపించింది. తొమ్మిదీ పదికి తట్టాం, తొమ్మిదీ పదిహేనుకి కనిపించింది. ఒక్కసారి కూడా తట్టకముందు లేదు. తట్టని రోజు, అంటే ఆదివారం, లైట్‌హౌస్ దగ్గర ఉంది. ఆ మాట కూడా నేనే రాశాను, ‘హాయిగా ఉంది’ అని.

“పారిపొమ్మని తడుతున్నాం,” అన్నారు ఆయన. “దానికి రమ్మని వినిపిస్తోంది.”

నేను వాదించాను. అలవాటు కదా. ఆటుపోట్లు అన్నాను, చేపల గుంపులు అన్నాను, చెవి చెడిపోయిందని కప్పిపుచ్చుకోవడానికి ఈ కథ అన్నాను. ఆయన అన్నిటికీ తలూపారు. అప్పుడు పోలమ్మ గరిటె పక్కన పెట్టింది.

“మొదటి దెబ్బకే కదేటి నాను కవళ్ళు ఏస్తన్నాను,” అంది మెల్లగా.

జ్వరం రోజు బులాకీ వంటగది వైపు ఎందుకొచ్చిందో, అందరికీ ఒకేసారి తెలిసింది. పరామర్శకి రాలేదు. వాటా కోసం వచ్చింది. నీలన్న తట్టు దానికి అన్నం పిలుపు.

“అంటే, దాన్ని సుత్తి కిందకి మనవే పిలస్తన్నామా?” అన్నాడు నీలన్న.

నేను ఈ పుస్తకంలో రెండు వందల పన్నెండు రోజులుగా కంపెనీ తప్పులు వెతుకుతున్నాను. చాలా దొరికాయి, అవన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ ఈ తప్పు కంపెనీది కాదు, యంత్రానిది కాదు. ఇది చేసింది మేమే. ప్రేమగా చేశాం. నేను బుట్ట అడిగి మరీ తీసుకున్నాను.

పోలమ్మ ఏడవలేదు. మిగిలిన కవళ్ళు తీసుకెళ్ళి పులుసు పెట్టింది. ఎవరూ సరిగ్గా తినలేదు.

రోజు 213, శనివారం. పైల్స్: 8

వాటా ఆపేశాం. బులాకీ వచ్చింది. వంటగది వైపు నిలబడింది. పోలమ్మ తలుపేసుకుని లోపల కూర్చుంది. ఒక్క పైలూ దిగలేదు.

రోజు 215, సోమవారం. పైల్స్: 8

ప్రభంజన్ గారు నీలన్నని సమానంగా తట్టమన్నారు. నీలన్న ప్రయత్నించాడు, నిజంగానే. పది దెబ్బలు సమానంగా పడ్డాయి. పదకొండో దానికి చెయ్యి తన దారిన తాను పోయింది. బులాకీ వచ్చింది. అయిదుసార్లు జెండా. పున్నమికి అయిదు రోజులు.

పై ఆఫీసు నుంచి కబురు: రేపటి నుంచి చెవి ‘లేవు’ అంటే లేనట్టే లెక్క, కాపలాదారు జెండా సలహా మాత్రమే. నోటి మాటే, కాగితం లేదు. కాగితం అడిగాను. ఇవ్వరు. ప్రభంజన్ గారు ఫోనులో చాలాసేపు మాట్లాడి వచ్చారు. మొహం ఎర్రగా ఉంది.

“రేపు ఒక్క రోజు గడువు అడిగాను మేడం. రేపటికి దారి చూడకపోతే నా చేతిలో ఉండదు.”

అప్పుడు నీలన్న చెప్పాడు.

“పిలిత్తే వత్తాది కదా. మరి అవతలకి పిలుద్దాం. లైట్‌హౌస్ కాడికి నావ ఏసుకెల్లి అక్కడ తడతాను. ఇక్కడ సుత్తి ఈ బావు కొడతాడు. ఈయన సెయ్యి దానికి తెల్దు.”

బుట్టతో సహా. తిండి చూపించి, పిలిచి, తీసుకుపోవాలి.

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. కారణం అందరికీ తెలుసు. ఆరేళ్ళ కిందట తుఫాను ముందు సముద్రం వైపు వీధులు ఖాళీ చేయించినప్పుడు దండోరా వేశారు, అన్నం పొట్లాలిస్తున్నామని. జనం పొట్లాల కోసం వచ్చారు. అక్కడ బస్సులు పెట్టి ఎక్కించుకుని, నలభై కిలోమీటర్ల అవతల దించారు. దాని మీద నేను రాసిన కరపత్రం పేరు ‘అన్నం పొట్లం రాజ్యం’. ఆకలిని గొలుసులా వాడుకున్నారని రాశాను. పద్నాలుగు పేజీలు. దాన్ని నేను ఇప్పటికీ నమ్ముతాను.

“సెల్లెమా,” అన్నాడు నీలన్న. “ఆ బస్సు ఎక్కినోడిని నాను. సేతిలో పొట్లం ఉంది, ఎక్కాను.”

“కోపం రాలేదా అన్నా?”

“వచ్చింది. తెల్లారేసరికి మా ఈది నీల్లల్లో ఉంది. నాను బతికున్నాను. కోపమూ బతికుంది, ఇప్పటికీ.” చుట్ట దులిపాడు. “బస్సు ఎక్కించినందుకు కాదు. పొట్లం ఒక్క పూటే ఇచ్చారు. దించేసి ఎలిపోయారు. మల్లీ ఒక్కడూ రానేదు, ఎలగున్నారని అడగనేదు. దానికే నా కోపం.”

నా పద్నాలుగు పేజీల్లో ఈ మాట లేదు. నేను ఆయన్ని అడగలేదు. ఆయన తరఫున రాశాను కదా, ఇంక అడగడం ఎందుకనుకున్నాను.

“అయితే ఒక షరతు,” అన్నాను. “ఒక్క పూట కాదు. దానికి మన తిండి అక్కర్లేకుండా పోయేదాకా రోజూ వెళ్ళాలి. గట్టు పూర్తయినా సరే.”

“నివ్వు సెప్పకపోతే నాను సెప్పీవోడ్ని,” అన్నాడు.

రోజు 216, మంగళవారం. పైల్స్: 6

పంటు మీద కాపలా: కారి పోలమ్మ. రెండో కాపలాదారుగా నిన్న సాయంత్రమే పరీక్ష రాయించాం. దూరం అంచనాలో నాకంటే రెండు మార్కులు ఎక్కువ. నా కుర్చీలో కూర్చుని, ఎర్రజెండా ఒళ్ళో పెట్టుకుని, ప్రభంజన్ గారితో అంది: “బావూ, నాను ఆపమంటే ఆపీయాల. ఇది వంటిల్లు కాదు, నా మాట సెల్లుతాది.”

నావలో నీలన్న, నేను, ఇనుప గొట్టం, కవళ్ళ బుట్ట. లైట్‌హౌస్‌కి సగం దూరంలో గొట్టాన్ని నీళ్ళలోకి దించి నీలన్న తెడ్డుతో కొట్టాడు. మూడు నిదానం, ఒకటి గబుక్కున.

ఏమీ రాలేదు. నీళ్ళు, గాలి, దూరంగా సుత్తి ఆగిన పంటు. ఇంతకుముందు తప్పంటూ వాదించిన పని ఇప్పుడు జరగాలని నేను కోరుకుంటున్నాను. నీలన్న మళ్ళీ కొట్టాడు. ఆరు నిమిషాలకి నావ పక్కన ఊపిరి వదిలిన చప్పుడు. ముక్కు కింద తెల్లమచ్చ. దాని వెనక చిన్న మూపురం.

కొంచెం వేశాను. నావ నడిపాం. కొట్టాం. కొంచెం వేశాను. అలా లైట్‌హౌస్ దాకా. అక్కడ ఆగి రేడియోలో చెప్పాను. పంటు చుట్టూ అడుగున పరిచిన గొట్టాల్లోంచి గాలి వదిలారు, చప్పుడుని మింగే బుడగల తెర లేచింది. ప్రభంజన్ గారి చేతి దెబ్బలు మొదలయ్యాయి. గడియారంలా, సమానంగా. బులాకీ ఒక్కసారి అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగి పిల్లని మా నావ నీడలోకి నెట్టింది. దానికి అది ఎవరి చెయ్యో తెలియదు. ఇంకెవరో.

పెద్దదెబ్బ ఇక్కడికి, దూరంగా ఎవరో తలుపేసుకున్నట్టు వినిపించింది. రెండు పైల్స్ దిగాయి. జెండా లేవలేదు. పోలమ్మ కొంచెం నిరాశపడిందని తర్వాత తెలిసింది.

రోజు 219, శుక్రవారం. పైల్స్: 0

సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆఖరిది దిగింది. పైల్స్ మధ్య పలకలు అమర్చడానికి ఇంకో గంటన్నర పట్టింది. ఖాళీ లేదు. నావలోంచి చూస్తే గట్టు ఒకే గీతలా ఉంది.

నీలన్న ఆ పైలు దిగడం చూడలేదు. రెండు వందల పైల్స్ పైన కొట్టినవాడు, ఆఖరిదాని సమయానికి రెండు కిలోమీటర్ల అవతల నావలో కూర్చుని ఒక డాల్ఫిన్ పిల్లకి తెడ్డు వాసన చూపిస్తున్నాడు.

రోజు 220, శనివారం

పోటు వచ్చింది. గట్టు తట్టుకుంది. మొదటి వీధిలో తడి లేదు. సింహాలమ్మ గుమ్మం ముందు ముగ్గు వేసింది. ముగ్గులో ఒక చేప. “సేప కాదు, పాలిచ్చీ తల్లి,” అంది నన్ను చూసి. “మూపురం సరిగ్గా రానేదు.”

రోజు 226, శుక్రవారం

పని ముగిసింది, ఈ పుస్తకం ముగియలేదు. రోజూ వెళ్తున్నాం. బుట్ట సగం చేశాం, తర్వాత పావు. నిన్న నాలుగు కవళ్ళు. ఈ రోజు నావ మాత్రమే, తట్టు లేదు, తిండి లేదు. బులాకీ దూరంగా ఉంది. మమ్మల్ని చూసింది, వచ్చి ఒక చుట్టు తిరిగింది, పిల్లని తీసుకుని చేపల గుంపు వైపు వెళ్ళిపోయింది. అదే మేం కోరుకున్నది. ఈ రోజు పోలమ్మ కూడా మాతో వచ్చింది. తిరిగొస్తూ ఖాళీ బుట్టని మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది.

రోజు 231, బుధవారం

పంటు రేపు తీసుకెళ్ళిపోతారు. సామాను సర్దుతుంటే ప్రభంజన్ గారు పిలిచారు. పని ముగిసినప్పటి నుంచీ చెవిని లైట్‌హౌస్ దగ్గర దించి ఉంచారట, నాకు చెప్పకుండా. తిడతాననుకున్నారు. తిట్టేదాన్నే.

“కొత్త ఈల ఒకటి దొరికింది మేడం. ఇంతకుముందు లేనిది. నాలుగు రోజులుగా ఒకటే పిల్ల, ఒకటే ఈల. పేరు కట్టుకుంది.”

వినిపించారు. సన్నగా, కొంచెం వణుకుతూ. పొడుగు ఈల. పొడుగు ఈల. పొడుగు ఈల. ఆపైన ఒక పొట్టి ఈల, గబుక్కున.

మళ్ళీ అదే.

నీలన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. “మా అయ్య సెయ్యి,” అన్నాడు. పోలమ్మ మళ్ళీ పెట్టమంది. అయిదుసార్లు పెట్టించింది.

అది పుట్టాక విన్న చప్పుళ్ళన్నిటిలో, తల్లి ఏ చప్పుడుకి ఈదుకుంటూ వెళ్ళిందో, ఏ చప్పుడు తర్వాత పాలు బాగా వచ్చాయో, దాన్నే తన పేరు చేసుకుంది. దాన్ని చంపబోయిన చప్పుడు కూడా అదే. ఈ రెండూ నిజమే. ఏ ఒక్కటీ కొట్టివేయను.

గూని డాల్ఫిన్ నలభై ఏళ్ళు బతుకుతుంది. నేను అన్నాళ్ళు ఉండను, నీలన్న ఉండడు. గట్టుకి మరమ్మతులు వస్తాయి, మళ్ళీ సుత్తులు వస్తాయి. కాబట్టి ఈ పుస్తకంలో నా ఆఖరి రిమార్కు, తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకి. కుర్చీ ఉంటుంది:

ఈ తీరంలో సుత్తితో గానీ, తెడ్డుతో గానీ, నావ అంచు మీద ఊరికే వేళ్ళతో గానీ, మూడు నిదానంగా, ఒకటి గబుక్కున ఎవరూ కొట్టకూడదు. అది ఒకరి పేరు. పిలిస్తే వస్తుంది.